నలుపు కింది ఎరుపు

మా మావయ్య దగ్గరున్న ట్రయంఫ్ స్పీడ్ ట్విన్ అసలు రంగు ఎరుపని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను గానీ, ఆ ఎరుపును కళ్లారా చూడడానికి మాత్రం నేను పెద్దవాణ్ణయ్యే దాకా ఆగవలసి వచ్చింది. అది 1950ల తొలి సంవత్సరాలలో ఇంగ్లండులోని మెరిడెన్ కర్మాగారంలో తయారైన 500 సీసీ మోటారు సైకిలు. మావయ్య చేతికి వచ్చేనాటికే, అంతకుముందు దాన్ని వాడినవాళ్లలో ఎవరో ట్యాంకు మొదలుకొని వెనుక మడ్‌గార్డు దాకా నిండా నల్లరంగు పూయించి ఉంచారు. ఆ నలుపు చూడ్డానికి బాగానే ఉండేది; దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకునేవారు కూడా. అలా మెచ్చుకున్న ప్రతి మనిషితోనూ మావయ్య ఎంతో మర్యాదగా, "ఇది పుట్టుకతో ఎర్ర బండి అండీ, ఈ నలుపు తరవాత వచ్చింది" అని చెప్పి గానీ వదిలేవారు కాదు. పక్కన నిలబడి వింటున్న నాకు అప్పట్లో ఆ పట్టుదల అర్థమయ్యేది కాదు. బండి చక్కగా నడుస్తున్నప్పుడు దాని మీది రంగు ఏదైతేనేం అనుకునేవాణ్ణి.

స్పీడ్ ట్విన్ విషయంలో రంగు అంత తేలిగ్గా తీసిపారేయదగినది కాదని తెలుసుకోవడానికి దాని పుట్టుక తెలియాలి. ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన ఈ బండిని 1938 మోడలుగా 1937లోనే ప్రకటించారు. రెండు సిలిండర్లను పక్కపక్కన నిలబెట్టి, ఒక సిలిండర్ బండికి పట్టేంత చోటులోనే ఇమిడ్చిన ఆ ఇంజను చూశాక, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బీఎస్ఏ, నార్టన్, రాయల్ ఎన్‌ఫీల్డ్ వంటి కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. ఇంజను గురించి ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. టర్నర్ ఆ ఇంజనుకు తొడిగిన రంగు గురించి చెప్పేవారు తక్కువ. బట్టీలో కాల్చిన నల్ల ఎనామెల్ చవకది, మన్నికైనది, చిన్నచిన్న లోపాలను కప్పిపుచ్చేది కాబట్టి, ఆనాటి బండ్లలో ఎక్కువ భాగం నల్లగానే కర్మాగారం దాటేవి. ట్యాంకు పక్కలకు మాత్రం ఏదో ఒక రంగు అద్ది ఊరుకునేవారు. టర్నర్ ఆ అలవాటును పక్కకు నెట్టి, ఫ్రేము, ముందరి ఫోర్కు, మడ్‌గార్డులు, పనిముట్ల పెట్టె అన్నింటినీ ఒకే ముదురు ఎరుపులో ముంచెత్తాడు. కంపెనీ ఆ రంగుకు పెట్టిన పేరు అమరాంత్ రెడ్. అంతకుముందు 1936లో ఆయన ట్రయంఫ్‌కు వచ్చిన కొత్తల్లో చేసిన పని కూడా ఇలాంటిదే. అప్పటికే ఉన్న ఒంటి సిలిండర్ బండ్లకు క్రోమ్ ట్యాంకు, వెండిరంగు పలకలు అమర్చి, టైగర్ 70, 80, 90 అని పేర్లు పెట్టి, పాత యంత్రానికే కొత్త గిరాకీ తెచ్చిపెట్టాడు. కొనేవాడి కన్ను ఇంజను కంటే ముందు ట్యాంకు మీద పడుతుందని ఆయనకు బాగా తెలుసు. అలాంటి మనిషి ఏరికోరి వేయించిన రంగు గనుక, దాన్ని యంత్ర నిర్మాణంలో ఒక భాగంగానే చూడాలని మావయ్య వాదన. ఇప్పుడు నా వాదన కూడా అదే.

మావయ్య దగ్గర ఒక పాత ఆల్బమ్ ఉండేది. అందులో ఆయన ఎక్కడెక్కడి పత్రికల నుంచో కత్తిరించి అతికించిన ట్రయంఫ్ బొమ్మలు ఉండేవి. దాదాపు అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. వాటిని చూపించి, "ఇందులో ఎరుపు ఏదిరా చెప్పు" అని నన్ను పరీక్షించేవారు. నాకు ఏ బండిని చూసినా నల్లదిగానే కనిపించేది. పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎర్రటి కాంతిని పట్టే గుణం లేదు. అందువల్ల ఎర్ర ట్యాంకు అందులో నల్లగానే పడుతుంది. నీలం మాత్రం ఉన్నదానికంటే వెలిసినట్టు పడుతుంది. తరవాత వచ్చిన ఫిల్ములు ఎరుపును కూడా పట్టగలిగాయి గానీ, వాటిలోనూ ముదురు ఎరుపుకూ ముదురు ఆకుపచ్చకూ తేడా చెప్పడం కష్టమే. పాత ఫొటోను సాక్ష్యంగా పెట్టుకుని బండికి రంగు వేయించేవాళ్లు ఎంత తేలిగ్గా దారి తప్పగలరో నాకు ఆ ఆల్బమ్ ముందు కూర్చున్నప్పుడే మొదటిసారి తెలిసివచ్చింది. ఫొటో వల్ల ఆకారం తెలుస్తుంది, గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తెలుస్తుంది, బ్యాడ్జీ ఏ ఎత్తులో ఉందో తెలుస్తుంది. రంగు తెలియాలంటే మాత్రం బండినే అడగాలి.

బండిని అడగడం అంటే ఏమిటో మావయ్య ఒక వేసవి సెలవుల్లో నాకు నేర్పారు. తరవాత రంగు వేయించినవాళ్ల కుంచె గానీ స్ప్రే గన్ను గానీ చేరని చోట్లు ప్రతి పాత బండిలోనూ కొన్ని ఉంటాయి. ట్యాంకును విప్పకుండానే రంగు కొట్టినవాళ్లు ట్యాంకు అడుగును వదిలేస్తారు. సీటు కింద ఫ్రేము గొట్టాలు, స్టీరింగ్ మెడ లోపలి అంచు, పనిముట్ల పెట్టె లోపలి గోడ, హెడ్‌లైటు అమరిన తొడుగు లోపలి వైపు, నంబరు ప్లేటు వెనుక, మడ్‌గార్డు ఊచలు బిగించిన నట్ల వాషర్ల కింద ఇలా ఎక్కడో ఒకచోట కర్మాగారపు రంగు దాక్కుని ఉంటుంది. మావయ్య మొదట పనిముట్ల పెట్టె మూత తెరిచి, లోపల పేరుకున్న జిడ్డును కిరోసిన్ తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడిచారు. జిడ్డు పోయేకొద్దీ దాని అడుగు నుంచి చిక్కటి ఎరుపు బయటపడింది. అంతకాలం ఎండ తగలని చోటది. ఆ ఎరుపులో కొద్దిగా ఊదా ఛాయ కలిసినట్టుండి, నేను ఊహించుకున్న నిప్పు ఎరుపుకూ దానికీ పోలికే లేదు. ఏళ్ల తరబడి మాటల్లో విన్న రంగు అది. మావయ్య ఏమీ అనలేదు. గుడ్డ నా చేతికిచ్చి, మిగతా మూల తుడవమని సైగ చేశారు.

ఆ తరవాత ట్యాంకు మీది మోకాళ్ల రబ్బర్లు విప్పాము. నడిపేవాడి మోకాళ్లు ఆనుకోవడానికి రెండు పక్కలా బిగించే ఆ రబ్బర్ల కింద, నల్లరంగు అంచు దాకా వచ్చి ఆగిపోయి ఉంది. అంటే రంగు వేసినవాళ్లు రబ్బరును కూడా విప్పకుండా దాని చుట్టూ రంగు కొట్టారన్నమాట. వాళ్ల తొందర మాకు మేలే చేసింది. రబ్బరు ఆకారంలోనే మిగిలిన ఆ ఎర్రటి చోటు అంచు దగ్గర గోటితో తడిమితే పొరల మెట్లు తెలిశాయి. అన్నింటికంటే పైన నలుపు, దాని కింద పలుచగా మరో నలుపు, ఆ కింద ఎరుపు, ఎరుపు కింద పునాది పూత, చివరికి లోహం. రంగు పొరలను చదవాలంటే తడి చేసిన సన్నని ఎమరీ కాగితంతో ఒక చిన్న గుండ్రని చోటును నెమ్మదిగా రుద్దాలి. నడుమ లోహం కనిపించే దాకా రుద్దితే, దాని చుట్టూ ఒక్కొక్క పొరా ఒక్కొక్క వలయంగా విచ్చుకుంటుంది. లోపలి వలయం పాతది, బయటి వలయం కొత్తది. ఈ పరీక్షకు కూడా కంటికి కనిపించని మూలనే ఎంచుకోవాలి, ఎందుకంటే ఆ గుండ్రం మేర అసలు రంగును మనమే చెరిపేస్తున్నాము. ఆనాటి రంగులలో సీసం కలిసి ఉండే అవకాశం ఉంది గనుక పొడిగా రుద్దకూడదు. తడిగానే రుద్ది, ఆ మురికిని గుడ్డతో తీసి జాగ్రత్తగా పారేయాలి. ఈ చివరి మాటను మావయ్య నాతో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ట్యాంకు మీది నలుపును తీసేయాలన్న నిర్ణయం మాత్రం ఆయన చాలాకాలం తీసుకోలేదు. థిన్నరు పోసి తుడిస్తే నలుపుతోపాటు దాని కింది ఎరుపు కూడా కరిగిపోవచ్చు. ఆనాటి రంగు ఏ జాతిదో, పైన వేసినది ఏ జాతిదో తెలియకుండా ద్రావకం వాడడం కంటే ప్రమాదకరమైన పని మరొకటి లేదు. అయితే పైరంగు వేసినవాళ్లు పాత రంగును గరుకు చేయకుండానే దాని నునుపు మీద నేరుగా కొట్టిన చోట్ల, ఆ నలుపు గట్టిగా పట్టుకోలేదు. అలాంటి చోట్ల గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, మొద్దు చేసిన చెక్కపుల్లతో అంచును ఎత్తితే నల్లటి పెచ్చులు వాటంతట అవే లేచి వచ్చాయి. గరుకు చేసి వేసిన చోట్ల మాత్రం ఓపిక తప్ప వేరే సాధనం లేదు. 1500, 2000 నంబరు కాగితాలు, సబ్బు నీళ్లు, నడుమ నడుమ వెలుతురులోకి తెచ్చి చూసుకోవడం. కాగితం నంబరు పెరిగేకొద్దీ గరుకుదనం తగ్గుతుంది. ఎరుపు తొంగిచూడగానే కాగితం పక్కన పెట్టి, పాలిష్ ముద్దతో వేలి చివర మాత్రమే ఆడించాలి. సెలవులకు వెళ్లినప్పుడల్లా ట్యాంకు మీద ఎరుపు కాస్త కాస్తగా వెడల్పయి కనిపించేది. తొందర పడబోయిన నాతో ఒకసారి, "నలుపు ఎక్కడికీ పోదురా, రేపైనా తీయవచ్చు. ఎరుపు పోతే మళ్లీ రాదు" అన్నారు.

ఇక్కడ ట్యాంకు గురించి ఒక విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత ట్రయంఫ్‌లను బాగుచేసే చాలామంది దీనిలోనే తడబడతారు. యుద్ధానికి ముందటి స్పీడ్ ట్విన్‌కు ట్యాంకు మొత్తం క్రోమ్ పూత పూసి, దాని మీద పక్కలకు మాత్రమే ఎర్రని పలకలు వేసి, వాటి అంచున బంగారు రంగు గీతలు గీసేవారు. ట్యాంకు నెత్తిన మీటర్ల పలక ఒకటి ఉండేది. 1949 మోడలుతో హెడ్‌లైటునూ మీటర్లనూ ఒకే తొడుగులో పొదిగే నాసెల్ వచ్చి, ట్యాంకు మీది పలక పోయింది. 1950 మోడలుకు క్రోమ్ ట్యాంకు కూడా పోయి, ట్యాంకు నిండా రంగే పరుచుకుంది. పక్కన అడ్డంగా సాగే నాలుగు క్రోమ్ పట్టీలు, వాటితో కలిసిన కంపెనీ పేరు, ఇవీ దాని ఆభరణాలు. ఆ పైన కొరియా యుద్ధ కాలంలో, 1951, 52 ప్రాంతాలలో, నికెల్ కొరత వచ్చిపడింది. క్రోమ్ పూత కింద నికెల్ పొర తప్పనిసరి కాబట్టి బ్రిటిష్ కంపెనీలన్నీ క్రోమ్‌ను కుదించుకుని, వీలైన చోటల్లా రంగుతో సరిపెట్టుకున్నాయి. అందువల్ల ఆ సంవత్సరాల బండి ఒకదానిలో క్రోమ్ తక్కువగా కనిపిస్తే అది ఎవరో చేసిన పిసినారితనం కాదు, ప్రపంచ చరిత్ర దాని మీద వేసిన ముద్ర. మా బండి రంగు ట్యాంకు కాలానిది. దాన్ని 1938 నాటి ఫొటో చూసి క్రోమ్ ట్యాంకుతో అలంకరించమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. మెరుపు కోసం సంవత్సరాన్ని అబద్ధం చేయడం నాకు ఏనాడూ సమ్మతం కాలేదు.

ట్యాంకు పక్కనున్న ఆ నాలుగు పట్టీలను విప్పిన రోజు నాకు బాగా గుర్తు. మరలు తుప్పుతో బిగుసుకుపోయి, ముందురోజు నుంచి నూనె చుక్కలు వేసి నానబెట్టితే గానీ కదలలేదు. పట్టీల కింద ఎరుపు, ఎండ తగిలిన చోట ఎరుపు పక్కపక్కనే కనిపించినప్పుడు, ఒకే రోజున ఒకే డబ్బాలోంచి వేసిన రంగు ఎన్ని రకాలుగా ముసలిదవుతుందో చూశాను. ఎండ తగిలిన చోట కొద్దిగా గోధుమ వైపు తిరిగి, మెరుపు తగ్గి ఉంది. పట్టీ కింద మాత్రం నీడలో నిలిచిన చిక్కదనం అలాగే ఉంది. వీటిలో అసలు రంగు ఏది అని నేను అడిగితే, రెండూ అసలువేనని మావయ్య చెప్పారు. ఒకటి కర్మాగారం ఇచ్చిన రంగు, మరొకటి ఆ రంగుకే కాలం ఇచ్చిన ఛాయ.

ట్రయంఫ్ బ్యాడ్జీలు బండి వయసును చెప్పే తీరు ఎంతో తేలికైనది, నమ్మదగినది కూడా. నాలుగు పట్టీల అలంకారం 1950 నుంచి 1956 దాకా నడిచింది. 1957 మోడలుతో పెద్ద జాలీ లాంటి పోత బ్యాడ్జీ వచ్చింది, అది నోటితో ఊదే హార్మోనికాను పోలి ఉందని అభిమానులు దాన్ని మౌత్ ఆర్గన్ బ్యాడ్జీ అని పిలుచుకున్నారు. 1966లో దాని స్థానంలో సన్నగా, పైన వంపు తిరిగిన బ్యాడ్జీ రాగా, దాన్ని కనుబొమ్మ బ్యాడ్జీ అన్నారు. తలుపు దగ్గర నిలబడి చూసినా, ట్యాంకు మీది లోహపు ముక్కను బట్టి బండి ఏ దశాబ్దపు ఏ సగానిదో చెప్పేయవచ్చు. అందుకే బ్యాడ్జీని మార్చడం అంటే బండి పుట్టిన తేదీని మార్చినట్టే. జింకు మిశ్రమంతో పోతపోసిన బ్యాడ్జీలకు ఇంకొక కష్టం ఉంది. పైన క్రోమ్‌కు సన్నని బెజ్జం పడితే చాలు, కింద లోహం పొంగి పొక్కులు కడుతుంది. వాటిని తీయబోతే అక్షరాల అంచులు కూడా అరిగిపోతాయి. కొత్తగా పూత వేయించిన పాత బ్యాడ్జీని, దాని మెత్తబడిన అంచులను చూసి గుర్తుపట్టవచ్చు. పొక్కులతో ఉన్నా పదునైన అంచులున్న బ్యాడ్జీయే నాకు ఇష్టం.

మావయ్యకు ట్రయంఫ్ ఒక్కటే లోకం కాదు. దారిలో ఏ పాత బండి ఎదురైనా ట్యాంకు మీద చేయి పెట్టి, దాని గుర్తు వెనుక కథ చెప్పేవారు. బీఎస్ఏ గుర్తులో మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉంటాయి, ఆ కంపెనీ 1861లో బర్మింగ్‌హామ్‌లో తుపాకుల తయారీదారుల సంఘంగా మొదలైంది కనుక. రాయల్ ఎన్‌ఫీల్డ్ గుర్తులో ఫిరంగి, దాని పక్కన తుపాకీలా తయారైన బండి అన్న నినాదం ఉంటాయి, ఎందుకంటే ఆ కంపెనీ ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి భాగాలు చేసి ఇచ్చి ఆ పేరు తెచ్చుకుంది. గొట్టాన్ని నిక్కచ్చిగా తొలిచే పనితనం ముందు పుట్టింది, మోటారు సైకిలు తరవాత పుట్టింది అని ఈ రెండు గుర్తులూ ఒకే మాట చెబుతాయి. బీఎస్ఏ గోల్డ్ స్టార్ పేరులోని నక్షత్రం కూడా ఊరికే వచ్చినది కాదు. 1937లో వాల్ హ్యాండ్లీ అనే రౌతు ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాట మీద బీఎస్ఏ ఎంపైర్ స్టార్ మీద గంటకు 100 మైళ్లకు మించిన వేగంతో ఒక చుట్టు తిరిగి, అలా తిరిగినవారికి ఇచ్చే బంగారు నక్షత్రం బ్యాడ్జీని గెలుచుకున్నాడు. రౌతు కోటుకు దక్కిన బ్యాడ్జీ మరుసటి ఏడు బండి పేరైంది.

జావా ట్యాంకు అందరూ ఎరిగినదే. ముదురు ఎరుపు, పక్కన క్రోమ్, మధ్య పసుపు గీత. జానెచెక్ అన్న వ్యవస్థాపకుడి పేరులోని తొలి అక్షరాలనూ, ఆయన యంత్రసామగ్రి కొన్న వాండరర్ కంపెనీ పేరులోని తొలి అక్షరాలనూ కలిపి 1929లో ఆ పేరు కట్టారు. మైసూరులో తయారైన జావాలు కూడా చాలాకాలం ఆ ఎరుపునే మోశాయి కాబట్టి, మావయ్య చెప్పే అమరాంత్ ఎరుపును నేను మొదట జావా ఎరుపుగా ఊహించుకున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఆ తేడా కంటికి ఆనదు. బీఎండబ్ల్యూ వాళ్లది ఇంకో తరహా. 1923లో వచ్చిన తొలి మోటారు సైకిలు ఆర్ 32 నుంచీ నలుపు మీద తెల్లటి గీతలే వాళ్ల ముద్ర. 1917లోనే నమోదైన గుండ్రని నీలం తెలుపు గుర్తులోని రంగులు బవేరియా రాష్ట్రానివి. పాత బీఎండబ్ల్యూలకు ఆ గుర్తును లోహపు గళ్లలో గాజుపొడి నింపి కాల్చిన ఎనామెల్‌తో చేసేవారు. ట్యాంకు మీది రంగు ఎండకు వెలుస్తుంది గానీ, గాజు వెలవదు. అది పగలవచ్చు, అంచున పెచ్చు ఊడవచ్చు, నీలం మాత్రం చేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. బండి మీద కాలం తాకని రంగు అదొక్కటే. ఎనామెల్ బ్యాడ్జీలను నేను మిగతావాటికంటే ఎక్కువ సేపు చూస్తూ నిలబడడానికి కారణం ఇదే.

అమెరికా బండ్ల గురించి మావయ్య తక్కువే చెప్పారు, ఒక్క ఇండియన్ కంపెనీ గురించి తప్ప. దాని ఎరుపు ఎంత పేరుపొందిందో అంతకంటే ఆశ్చర్యపరిచే సంగతి, రంగుల వ్యాపారంలో ఉన్న డ్యూపాంట్ కుటుంబీకుడు ఆ కంపెనీని చేపట్టాక 1934లో కొనేవారికి 24 రంగుల ఎంపిక దొరకడం. అలాంటి బండిని బాగుచేసేవాడికి అసలు రంగు వెతకడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

బ్యాడ్జీల కంటే సున్నితమైనవి ట్రాన్స్‌ఫర్లు. లోహపు గుర్తు పెట్టని చోట పేర్లూ నినాదాలూ కాగితం మీద అచ్చువేసి, రంగు పొర మాత్రమే బండికి అంటుకునేలా బదిలీ చేసేవారు. పాత పద్ధతిలో దాని వెనుక పలుచగా వార్నిష్ రాసి, అది చేతికి జిగటగా తగిలేదాకా ఆగి, ట్యాంకు మీద అద్ది, లోపల గాలి మిగలకుండా రుద్ది, అప్పుడు పైకాగితాన్ని తడిపి లాగేయాలి. వార్నిష్ ముందే ఆరిపోతే అంటుకోదు, తడిగా ఉంటే జారిపోతుంది. మా బండి ఫ్రేము ముందరి గొట్టం మీద, నలుపు తీసేటప్పుడు ఇంగ్లండులో తయారైనదని చెప్పే చిన్న ట్రాన్స్‌ఫర్ సగం ముక్క బయటపడింది. మిగతా సగం పైరంగు వేసేముందు రుద్దిన రుద్దుడులో పోయింది. అదే ట్రాన్స్‌ఫర్‌కు కొత్త నకళ్లు దొరుకుతాయి. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ వంటి సంఘాలు పాత నమూనాల నుంచి వాటిని తిరిగి అచ్చువేయించి సభ్యులకు అందిస్తూ వచ్చాయి. అతి జాగ్రత్తగా చేసిన ఆ నకళ్ల మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా ఆ సగం ముక్కను తీసి నిండు నకలు అంటించడానికి మావయ్య ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు.

గీతల గురించి చెప్పకుండా ముగించలేను. కర్మాగారాలలో ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తోనే గీసేవారు. పొడవాటి వెంట్రుకల సన్నని కుంచెను నిండుగా రంగులో ముంచి, చిటికెన వేలిని ట్యాంకు అంచున ఆనించి, ఆ వేలే కొలబద్దగా, ఒక్క ఊపిరిలో ఒక వంపు పూర్తి చేసేవారు. మద్రాసు కర్మాగారంలో తయారైన బుల్లెట్ ట్యాంకుల మీద ఈ చేతిపని తరాలు దాటి కొనసాగింది. చేతి గీతను దగ్గర నుంచి చూస్తే మొదట్లో కొద్దిగా లావుగా, నడుమ నిలకడగా, చివర సన్నబడి ఉంటుంది. రెండు కొసలు కలిసే చోట ఒక వెంట్రుకవాసి అతుకు కనిపిస్తుంది. ఆ అతుకును బట్టి గీసినవాడు కుడి వైపు నుంచి మొదలుపెట్టాడో ఎడమ వైపు నుంచో కూడా మావయ్య చెప్పగలిగేవారు. టేపు అంటించి గీసిన గీతకు ఇవేవీ ఉండవు. అది తప్పు లేకుండా ఉంటుంది, అందుకే కనిపెట్టడం సులువు.

ట్యాంకు మీది నలుపంతా పోయేసరికి బయటపడిన ఎరుపు నిండుగా లేదు. మూత చుట్టూ పెట్రోలు ఒలికిన చోట రంగు తినేసి లోహం కనిపించేది, ఎడమ పక్క ఒక సొట్ట, దాని నెర్రెలలో తుప్పు. చూడవచ్చిన స్నేహితులంతా ఒకే మాట అన్నారు, ఇంత శ్రమ పడ్డాక ఇప్పుడు మొత్తం గీకించి కొత్తగా ఎరుపు వేయిస్తే అద్దంలా ఉంటుంది కదా అని. ఆ మాటలో తప్పేమీ లేదు. లోహం దాకా తుప్పు పట్టి, అసలు రంగు ఆనవాలు కూడా మిగలని బండికి కొత్త రంగే దారి. కానీ సగానికి పైగా కర్మాగారపు రంగు నిలిచి ఉన్న ట్యాంకును గీకించడం నాకు మనసొప్పని పని. కొత్త రంగు ఎంత చక్కగా కలిసినా అది ఈనాటి పెయింటరు పని. మెరిడెన్‌లో ఆ పూత వేసిన మనిషి చేతి కదలిక, ట్యాంకు అడుగున అతను వదిలేసిన పలుచటి చోటు, మడ్‌గార్డు అంచున జారి గట్టిపడిన చుక్క, అవన్నీ పాత రంగుతోపాటే పోతాయి. మావయ్య తుప్పును ఆపడానికి ఏం కావాలో అంతవరకే చేశారు. నెర్రెలను శుభ్రం చేసి, తుప్పును అణిచే మందు అద్ది, పైన మైనం పూసి, సొట్టను సొట్టగానే వదిలేశారు.

ముందరి మడ్‌గార్డు దగ్గర మాత్రం ఈ పద్ధతి చెల్లలేదు. అది అసలుది కాదు, తరవాత ఎప్పుడో మార్చినది. నలుపు కింద ఎరుపే లేదు. దానికి రంగు కలపవలసి వచ్చినప్పుడు నమూనాగా పనిముట్ల పెట్టె మూతను తీసుకువెళ్లాము. అంగడిలోని ట్యూబులైటు కింద కలిపిన రంగు మూతతో ఒక్కటైపోయినట్టు కనిపించింది. అదే రంగును ఎండలోకి తెస్తే నారింజ వైపు మొగ్గింది. రెండు రంగులు ఒక వెలుతురులో ఒకటిగా, మరో వెలుతురులో వేరుగా కనిపించడం, వాటిలో కలిపిన పిగ్మెంట్లు వేరువేరు కావడం వల్ల జరుగుతుంది. పాత ఎరుపులో వాడిన పిగ్మెంటు ఇప్పటి డబ్బాలలో లేనప్పుడు, ఒక వెలుతురుకు సరిపెడితే ఇంకో వెలుతురుకు తప్పుతుంది. మావయ్య ఎండనే ఎంచుకున్నారు, బండి తిరిగేది ఎండలో కాబట్టి. ఇంకో చిక్కు ఏమిటంటే, మూత లోపలి చిక్కటి ఎరుపుకు సరిపెట్టాలా, ట్యాంకు మీది వెలిసిన ఎరుపుకు సరిపెట్టాలా అన్నది. బండిని నాలుగు అడుగుల దూరం నుంచి చూసేవాడికి మడ్‌గార్డూ ట్యాంకూ కలిసే కనిపిస్తాయి గనుక, వెలిసిన ఛాయకే కలిపించాము. అయితే ఇది కర్మాగారపు రంగు కాదని తెలియడానికి, మడ్‌గార్డు లోపలి వైపు, టైరుకు ఎదురుగా, వేసిన సంవత్సరాన్ని సన్నని కుంచెతో రాయించారు.

బండి ఇప్పుడు నా దగ్గర ఉంది. మావయ్య ఆల్బమ్‌కు నేను చేర్చినవి కొన్ని కాగితాలు మాత్రమే: ఏ భాగం మీద అసలు రంగు ఉంది, ఏది తరవాత వేసినది, ఏ మర అసలుది, ఏ బ్యాడ్జీని ఎప్పుడు విప్పి తిరిగి బిగించాము అన్న వివరాలు, పగటి వెలుతురులో తీసిన రంగు ఫొటోలతో సహా. ఎవరైనా స్పీడ్ ట్విన్‌ను బాగుచేస్తూ ఎరుపు చూడాలని అడిగితే, ట్యాంకు చూపించను. పనిముట్ల పెట్టె మూత విప్పి చేతికిచ్చి, ఎండలో నిలబడి చూడమంటాను. లోపలి గోడకు పాలిష్ గానీ మైనం గానీ తగలనివ్వలేదు. నమూనా కోసం వచ్చినవాళ్లకు అక్కడ ఇప్పటికీ కర్మాగారం వేసిన రంగే దొరుకుతుంది.